పాత ఫైళ్ళలో తెలుగు ఎందుకు చెదిరిపోతుంది, అందులో ఏది తిరిగొస్తుంది, ఏది రాదు

కడియం, కడియపులంక అనగానే అందరికీ హైవే పక్కన నర్సరీలే గుర్తొస్తాయి, కానీ ఇక్కడ నేను మాట్లాడేది వ్యాపారం గురించి కాదు. మండపేట నుంచి పాలకొల్లు దాకా ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు చూడండి, డాబా మీద కుండీల్లో మందారాలకి పుప్పొడి అద్ది కొత్త రంగులు తీసేవాళ్ళు, అడీనియంలకి అంటు కట్టేవాళ్ళు, రూపాయి రాకపోయినా ఇరవై ఏళ్ళుగా అదే పనిలో ఉన్నవాళ్ళు, వాళ్ళ గురించి. వీళ్ళలో చాలామంది 2000 తర్వాత ఇంట్లోకి కంప్యూటర్ రాగానే నోటు పుస్తకం పక్కన పెట్టి అంతా దాంట్లోకి ఎక్కించేశారు. తల్లి చెట్టు ఏది, తండ్రి చెట్టు ఏది, పుప్పొడి ఎప్పుడు అద్దారు, కాయ నిలిచిందా రాలిందా, మొదటి పువ్వు ఏ రంగులో వచ్చింది. ఇప్పుడు ఆ ఫైళ్ళు తెరిస్తే తెలుగు ఉండటం లేదు.

షాపుకి తీసుకెళ్తే "వైరస్ వచ్చిందండి, ఫార్మాట్ కొట్టాలి" అంటారు. నూటికి తొంభై సార్లు అది వైరస్ కాదు. పాతబడినందువల్ల ఫైల్లో తెలుగు దానంతట అది కరిగిపోదు కూడా. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే, ఫైల్ వయసు వల్ల పోయింది తక్కువ, బాగుచేద్దామని కంగారులో తెరిచి సేవ్ కొట్టినప్పుడు పోయింది ఎక్కువ. అందుకే ముందు స్క్రీన్ మీద కనపడుతున్నది ఏ రకం చెదురో గుర్తుపట్టాలి, ఎందుకంటే పైకి అన్నీ ఒకేలా పిచ్చిగా కనపడినా లోపల జరిగింది వేరువేరు.

అన్నిటికంటే తేలికైనది డబ్బాలు. అక్షరాలుండాల్సిన చోట వరసగా ఖాళీ చతురస్రాలు కనపడుతుంటే సంతోషించాలి, అక్కడ ఏమీ పోలేదు. ఆ మెషీన్లో తెలుగు ఫాంట్ లేదు, అంతే. విండోస్ 98లో తెలుగు లేదు, ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది, మొదట్లో వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇదే గోల ఉండేది. అదే ఫైల్ని ఇప్పటి ఫోన్లో తెరవండి, వచ్చేస్తుంది.

రెండోది వింత గుర్తులు. నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీష్ చిన్న ఏ అక్షరం (à), దాని పక్కన ఎండ డిగ్రీలకి పెట్టే బుల్లి సున్నా, లేకపోతే ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తు, మళ్ళీ నెత్తిన గీత ఏ, మళ్ళీ సున్నా, ఇలా లైన్లకి లైన్లు. చూడగానే ఫైల్ చచ్చిపోయిందని అనిపించేది ఇదే, నిజానికి బతికే అవకాశం బాగా ఉన్నదీ ఇదే. దీని లోపల ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూద్దాం.

కంప్యూటర్ అక్షరాన్ని దాచదు, అంకెని దాస్తుంది. ఏ భాష అక్షరానికి ఏ నంబరో చెప్పే ఉమ్మడి పట్టిక పేరు యూనికోడ్. యూనికోడ్‌లో తెలుగుకి 3072 నుంచి 3199 వరకు 128 నంబర్లు కేటాయించారు, 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ తెలుగు అక్కడే ఉంది. మ అక్షరం నంబరు 3118. అయితే ఒక బైట్‌లో (కంప్యూటర్ అంకెలు దాచే చిన్న గడి) 255కి మించి పట్టదు కాబట్టి యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుని మూడు బైట్లుగా విడగొట్టి రాస్తారు, మ అంటే 224, 176, 174. తెలుగులో ఏ గుర్తు తీసుకున్నా మొదటి బైట్ 224, రెండోది 176 గానీ 177 గానీ. ఇప్పుడు ఒక పాత ప్రోగ్రాం ఈ అంకెల్ని యూటీఎఫ్-8 అనుకోకుండా, యూరప్ భాషల కోసం మైక్రోసాఫ్ట్ వాడిన విండోస్-1252 అనే పట్టిక ప్రకారం చదివిందనుకోండి. ఆ పట్టికలో 224 అంటే నెత్తిన గీతున్న ఏ, 176 అంటే డిగ్రీ సున్నా, 177 అంటే ప్లస్ మైనస్, 174 అంటే సున్నాలో ఆర్. అంటే ఒక్క మ మూడు వింత గుర్తులు అయింది. మందారం అనే మాటలో మ, సున్న, ద, దీర్ఘం, ర, సున్న కలిపి ఆరు గుర్తులు, ఆరు మూళ్ళు పద్దెనిమిది, కాబట్టి మందారం పద్దెనిమిది పిచ్చి గుర్తులుగా కనపడుతుంది. అంకెలు ఒక్కటీ మారలేదు, చదివిన పట్టిక తప్పు. సరైన పట్టికతో మళ్ళీ చదివిస్తే మందారం మందారంలాగే వచ్చేస్తుంది. ఎక్సెల్లో అయితే సీఎస్‌వీ (కామాలతో గడులు విడగొట్టి దాచే) ఫైల్ని డబుల్ క్లిక్ చేయకుండా డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి, ఎన్‌కోడింగ్ (ఏ పట్టికతో చదవాలి అని) అడిగిన చోట 65001 యూటీఎఫ్-8 అని ఎంచుకోవాలి.

ఇక్కడిదాకా బాగానే ఉంది కానీ తెలుగు లాంటి మన దేశపు లిపులకి ఎక్కువగా తగిలే దెబ్బ ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఆ విండోస్-1252 పట్టికలో అయిదు స్థానాలు ఖాళీ, 129, 141, 143, 144, 157, వాటికి ఏ అక్షరమూ ఇవ్వలేదు. ఈ ఖాళీలో పడిన బైట్‌ని కొన్ని ప్రోగ్రాంలు అలాగే మోసుకెళ్తాయి, కొన్ని చెప్పా పెట్టకుండా తీసేస్తాయి, కొన్ని ప్రశ్నార్థకం పెడతాయి. మన ఖర్మేంటంటే ఉకారం కొమ్ము చివరి బైట్ 129, ఒత్తుని అతికించే పొల్లు చివరి బైట్ 141. తెలుగులో కొమ్ము, ఒత్తు లేకుండా ఒక వాక్యం రాయగలమా? ఏ, ఐ, ఝ అక్షరాలు మిగతా మూడు ఖాళీల్లో పడతాయి. ఇంకో రెండు పాపం ఖాళీలో పడకపోయినా కనపడని స్థానాల్లో పడ్డాయి, ఠ చివరి బైట్ 160, అది ఖాళీ జాగా లాంటిది, భ చివరి బైట్ 173, అది లైన్ చివర మాట విరిగితే తప్ప కనపడని హైఫన్, కాపీ పేస్ట్ చేసేటప్పుడు ఈ రెండూ తరచుగా రాలిపోతాయి.

అందువల్ల తిరిగొచ్చిన తెలుగు ఇలా ఉంటుంది. ముద్ద మందారం కాస్తా మదద మందారం అవుతుంది. అంటు అన్నది అంట, తణుకు అన్నది తణక, రాజోలు రాజోల, పాలకొల్లు పాలకొలల, కొత్తపేట కొతతపేట. భీమవరంలో భ ఎగిరిపోయి గుడిదీర్ఘం ఒక్కటే ఒక చుక్కల సున్నా మీద వేలాడుతుంది, పిఠాపురంలో మధ్యలో చిల్లు పడుతుంది. కాకినాడ మాత్రం చెక్కు చెదరదు, దాంట్లో కొమ్ము లేదు, ఒత్తు లేదు. ఈ వరస ఒకసారి తెలిస్తే ఇదేదో ఇష్టమొచ్చినట్టు పాడయిన ఫైల్ కాదని, లెక్క ప్రకారం పాడయిందని అర్థమవుతుంది.

లెక్క ప్రకారం పాడయిందంటే లెక్క ప్రకారం బాగుచేయొచ్చు కూడా. చివరి బైట్ రాలిపోయినా ముందున్న రెండూ, అంటే 224, 177, సాధారణంగా అక్కడే పడి ఉంటాయి. 224, 177 ఉండి మూడోది లేదంటే అక్కడ ఉండాల్సింది దాదాపు ఖాయంగా కొమ్మో పొల్లో, రెండే అవకాశాలు. తెలుగు వచ్చినవాడు చూడగానే ఏదో చెప్పేస్తాడు, మ తర్వాత కొమ్ము, ద తర్వాత పొల్లు, ముద్ద. 224, 176 ఉండి మూడోది లేకపోతే భ, ఠ, ఏ, ఐ, ఝ, అరసున్న, వీటిలో ఒకటి. కాబట్టి ఆ పిచ్చి గుర్తులు చెత్త కాదు, ఎక్కడ ఏం పోయిందో చెప్పే ఆనవాళ్ళు. అసలు ఘోరం ఎక్కడ జరుగుతుందంటే, ఎవరో ఒక కుర్రాడికి ఇస్తే "ఈ జంక్ అంతా తీసేశాను సార్, నీట్‌గా ఉంది" అని ఫైండ్ రీప్లేస్‌లో ఆ గుర్తులన్నీ ఊడ్చేసి ఇస్తాడు, అప్పుడు మదద తప్ప ఏమీ మిగలదు, ఎక్కడ ఏం ఉండేదో చెప్పే సాక్ష్యమే పోయింది. దయచేసి క్లీన్ చేయనివ్వకండి.

మూడో రకం ప్రశ్నార్థకాలు. మందారం ఉన్న చోట ?????? అని ఆరు. ఇది చూడటానికి వింత గుర్తుల కంటే శుభ్రంగా ఉంటుంది, కానీ పోయినట్టే. తెలుగు పట్టని పద్ధతిలో ఫైల్ సేవ్ చేసినప్పుడు ప్రోగ్రాం ఒక్కో గుర్తుకి బదులు ప్రశ్నార్థకం అనే అక్షరాన్ని నిజంగానే రాసేస్తుంది, ఫైల్లో ఇప్పుడున్న అంకె 63, అంటే ప్రశ్నార్థకమే. మందారమూ ఆరే, గులాబి అన్నా లెక్కపెడితే ఆరే, ఏది ఏదో ఎవరు చెప్తారు. పాత నోట్‌ప్యాడ్‌లో ఏఎన్ఎస్ఐ అనే, తెలుగు పట్టని పాత పద్ధతి డిఫాల్ట్‌గా ఉండేది, తెలుగు టైప్ చేసి సేవ్ కొడితే యూనికోడ్ అక్షరాలు పోతాయి జాగ్రత్త అని ఇంగ్లీషులో ఒక బాక్స్ వచ్చేది, అందరం ఓకే కొట్టేవాళ్ళం. 2019 నుంచి విండోస్ 10లో నోట్‌ప్యాడ్ డిఫాల్ట్‌గా యూటీఎఫ్-8 అయింది కాబట్టి అక్కడ బెడద తగ్గింది. ఎక్సెల్లో మాత్రం ఇప్పటికీ మామూలు సీఎస్‌వీ అని సేవ్ చేస్తే తెలుగు అంతా ప్రశ్నార్థకాలే, పక్కనే సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని వేరే ఆప్షన్ ఉంటుంది, అది ఎంచుకోవాలి. ప్రశ్నార్థకాలు కనపడితే ఆ ఫైల్ మీద టైం పెట్టకండి, దానికంటే ముందు తేదీ ఉన్న పాత కాపీ కోసం వెతకండి, పెన్‌డ్రైవ్‌లో, ఎప్పుడో ఎవరికో పంపిన మెయిల్లో, సెంట్ ఐటమ్స్‌లో. మెయిల్లో దొరికినవి చాలా ఉన్నాయి.

నాలుగోది డీటీపీ తెలుగు, అంటే ప్రెస్సు పనికి కంప్యూటర్లో పేజీలు కట్టేవాళ్ళు వాడిన తెలుగు. 2000 నాటి ఫైళ్ళలో చాలా అను అనే పేరున్న ఫాంట్లలో ఉంటాయి, పేజ్‌మేకర్‌లో కట్టినవి, పేజ్‌మేకర్‌కి 2001లో వచ్చిన 7 తర్వాత కొత్త వెర్షనే లేదు. అను స్క్రిప్ట్‌లో టైప్ చేసిన తెలుగు అసలు తెలుగు కాదు కంప్యూటర్ దృష్టిలో, ఇంగ్లీష్ అక్షరాల, గుర్తుల నంబర్లే, వాటికి తెలుగు బొమ్మలు తొడిగింది ఫాంటు. ఫాంట్ తీసేస్తే ఇంగ్లీష్ చెత్త కనపడుతుంది. దీన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి, కాకపోతే వాటికి ఏ ఫాంటో, అను 6 నో 7 నో చెప్పాలి, ఎందుకంటే వెర్షన్ మారితే నంబర్ల అమరిక మారింది. వర్డ్ ఫైల్లోనో పేజ్‌మేకర్ ఫైల్లోనో అయితే ప్రియాంక అనో ఇంకోటనో ఫాంట్ పేరు రాసి ఉంటుంది. అదే మేటర్‌ని నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశారంటే అక్షరాలు వచ్చాయి గానీ ఫాంట్ పేరు పోయింది, ఇక అన్ని కన్వర్టర్లూ తిప్పి తిప్పి ఏది సరిగ్గా వస్తుందో చూడటమే. ఒరిజినల్ ఫైల్ ఉంచుకోండి, కనీసం ఫాంట్ పేరు ఒక కాగితం మీద రాసిపెట్టండి.

ఇవి కంటికి కనపడే రకాలు. కనపడకుండా ఇబ్బంది పెట్టేది వెతుకులాట. షీట్‌లో మాట కళ్ళెదురుగా ఉంటుంది, కంట్రోల్ ఎఫ్ కొడితే లేదంటుంది. ఫోన్‌లో, నర్సరీస్‌లో లాంటి మాటలు టైప్ చేసేటప్పుడు ఒత్తు కిందకి పోకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో కనపడని ఒక గుర్తు పెడతాయి, కొన్ని పెట్టవు, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఒకరు పెట్టి రాసి ఇంకొకరు పెట్టకుండా వెతికితే దొరకదు. ఐత్వం ఉన్న మాటలు ఇంకో రకం, యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం దాని కింద ఐత్వపు తోక అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు, రెండూ సమానమే అని ప్రమాణం చెప్తుంది కానీ పాత ప్రోగ్రాంలకి ఆ సంగతి తెలియదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు ఆగిపోయాయని గోలయింది గుర్తుందా, అందులోనూ ఈ కనపడని నాన్ జాయినర్ ఉంది, యాపిల్ తర్వాతి అప్‌డేట్‌లో సరిచేసింది. మన లిపి లోపం కాదది, మన లిపిని సరిగ్గా పరీక్షించకుండా వదిలిన సాఫ్ట్‌వేర్ లోపం.

రాసింది సగంలో ఆగిపోవడం అని ఇంకోటి. సైట్లలో మనం రాసింది వెనకాల డేటాబేస్‌లో దాస్తారు, మైఎస్‌క్యూఎల్ అలాంటి ఒకటి. పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో యూటీఎఫ్-8 అని పేరు పెట్టింది మూడు బైట్ల వరకే పడుతుంది, తెలుగు సరిపోతుంది, కానీ ఇమోజీకి నాలుగు బైట్లు కావాలి. వివరమంతా రాసి మధ్యలో ఒక పువ్వు ఇమోజీ పెడితే ఆ పువ్వు దగ్గర కోసేసి మిగతాది పారేసేది. 2010లోనే నాలుగు బైట్ల రకం వచ్చింది గానీ పాతవాటిని ఎవరు మార్చారు. ఆ కోసేసిన ముక్క ఎక్కడా ఉండదు.

తేదీల దగ్గర జరిగేది మరీ అన్యాయం, ఎందుకంటే అక్కడ ఏ పిచ్చి గుర్తూ రాదు, అంతా మామూలుగా ఉంటుంది. మన సిస్టమ్స్‌లో చాలావాటికి రీజియన్ అమెరికా అని ఉంటుంది, వాళ్ళు నెల ముందు రాస్తారు. మనం 5-8-2009 అని ఆగస్టు అయిదు కొడితే ఎక్సెల్ దాన్ని మే ఎనిమిది అని దాచుకుంటుంది. 13-8-2009 అని కొడితే పదమూడో నెల లేదు కాబట్టి అర్థంకాక ఉత్త మాటలా వదిలేస్తుంది. అంటే ప్రతి నెలలో 12వ తేదీ దాకా ఉన్నవి తిరగబడి, 13 నుంచి సరిగ్గా ఉంటాయి. కొత్తపేట దగ్గర ఒక మాస్టారి షీట్‌లో కొన్ని చెట్లకి పుప్పొడి అద్దిన తేదీ కంటే కాయ పగిలిన తేదీ ముందుంది, ఆయన పాపం తన జ్ఞాపకాన్నే అనుమానించుకున్నారు. కనిపెట్టడం మాత్రం సులువు, ఆ కాలమ్‌లో కొన్ని తేదీలు గడికి ఎడమవైపు, కొన్ని కుడివైపు అతుక్కుని ఉంటాయి. ఎవరూ చేత్తో జరపకపోతే, కుడివైపు ఉన్నవి ఎక్సెల్ తేదీగా తీసుకున్నవి, తిరగబడినవి అవే. ఒకటో తారీఖు జనవరి, రెండో తారీఖు ఫిబ్రవరి లాంటివి తప్ప మిగతావన్నీ తిప్పి రాసుకోవాలి. పని మొదలెట్టే ముందు ఆ కాలమ్‌ని ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఎవరైనా నీట్‌గా ఉంటుందని మొత్తం కాలమ్‌కి సెంటర్ అలైన్‌మెంట్ కొట్టారంటే ఆ ఎడమ కుడి తేడా మాయమైపోతుంది.

ఫోటోల సంగతి క్లుప్తంగా చెప్తాను. షీట్‌లో పువ్వు ఫోటో బదులు లింక్ పెట్టుకున్నవాళ్ళు దాదాపు అందరూ నష్టపోయారు. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది, పికాసా వెబ్ ఆల్బమ్స్ 2016లో, ఫోటోబకెట్ 2017లో బయట లింక్ పెట్టుకోవాలంటే ఏడాదికి దాదాపు 400 డాలర్లు కట్టమంది, ఫ్లాష్‌లో చేసిన ఆల్బమ్‌లు 2020 చివర్లో ఫ్లాష్‌తోపాటే ఆగిపోయాయి. లింక్ అంటే వాళ్ళ దయ ఉన్నన్నాళ్ళే. వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న ఫోటోలు ఉన్నాయి కదా అంటారు, వాటిలో సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ కూడా ఫైల్లోంచి పోతుంది, ఏ పువ్వు ఏ ఏడాదిదో చెప్పడానికి పనికిరావు. డాక్యుమెంట్‌గా పంపితే అవేవీ పోవు.

ఇంకా పాత కంప్యూటర్ ఆన్ చేస్తే ఏ సైట్ తెరిచినా సెక్యూర్ కాదు అని ఎర్ర అక్షరాలు వస్తున్నాయంటే, కుడివైపు కింద గడియారం చూడండి. చాలాసార్లు అది ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంది. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే గడియారం వెనక్కి పోతుంది, సైట్ల సర్టిఫికెట్లన్నీ (ఇది అసలు సైటే అని చెప్పే పత్రాలు) ఇంకా పుట్టనివాటిలా కనపడతాయి. బ్యాటరీ మార్చి టైం సరిచేస్తే పోతుంది. టైం సరిగ్గా ఉండి కూడా రాకపోతే ఆ పత్రాలని నమ్మడానికి మెషీన్లో ముందే ఉండే రూట్ సర్టిఫికెట్లు పాతవి, 2021 సెప్టెంబర్ 30న అలాంటి ఒకటి ఎక్స్‌పైర్ అయినప్పుడు అప్‌డేట్ లేని పాత మెషీన్లలో చాలా సైట్లు ఒక్కసారే ఆగిపోయాయి. గడియారం వెనక్కున్నప్పుడు మాత్రం ఏ ఫైల్నీ సేవ్ చేయకండి, దాని మీద తప్పు తేదీ పడుతుంది, తర్వాత ఏ కాపీ ముందుదో ఏది తర్వాతదో తేల్చుకోలేక చస్తాం.

ఇప్పుడు ఇంట్లో అలాంటి కంప్యూటర్ ఉంటే చేయాల్సిన మొదటి పని ఏ ఫైల్నీ తెరవకుండా ఫోల్డర్ ఫోల్డర్‌గా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయడం. తెరిచి సేవ్ యాజ్ కొట్టడం కాదు, కాపీ. సీడీల్లో ఉన్నవి ముందు తీయండి, మన తేమ గాలికి వాటి మీద బూజు మచ్చలు వస్తున్నాయి, ఉన్నన్నాళ్ళు ఉంటాయని నమ్మకం లేదు. ఆ పెన్‌డ్రైవ్ ముట్టుకోకుండా పక్కన పెట్టి ఇంకో కాపీ మీద మాత్రమే బాగుచేసే ప్రయోగాలు చేయండి. ఒక కాపీ డెల్టాలో లేనివాళ్ళ దగ్గర, హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయి దగ్గరో అబ్బాయి దగ్గరో పెట్టండి, 2022 జులై వరదలో లంకల్లో ఇళ్ళలోకి ఎంత నీళ్ళొచ్చాయో మనకి తెలుసు. బాగుచేయడం మొదలెట్టాక తల్లి చెట్టు, తండ్రి చెట్టు ఉన్న షీట్‌తో మొదలెట్టండి, ఆ చెట్లు పెంచినవాళ్ళు కొందరు ఇప్పటికే లేరు, ఉన్నవాళ్ళు ఎనభైల్లో ఉన్నారు, మదద అన్న చోట ముద్దో మరోటో, ఏ కుండీ ఏ చెట్టు పిల్లో చెప్పగలిగేది వాళ్ళే, కాబట్టి ప్రింట్ తీసుకుని వాళ్ళింటికెళ్ళి పక్కన కూర్చుని పెన్నుతో పూరించుకోండి, ఆ తర్వాతే కంప్యూటర్లో ఎక్కించండి.